చెలమల బొమ్మ, చేపల అంచు

ఎటోబికో, టొరంటో
ఆదివారం

అక్కకు,

నీ చెల్లెలు రత్న దండం పెట్టి రాసే జాబు. నువ్వూ, బావా, చిన్నీ ఒంట్లో సుఖంగా ఉన్నారని తలుస్తా ఉన్నాను. నీ బొటనవేలు వాపు తగ్గిందా? కలంకారీ కలం పిండీ పిండీ అదట్లయింది. ఉడుకునీళ్ళలో ఉప్పేసి కాసేపు చెయ్యి పెట్టుకోమంటే వినవు కదా. బావ షుగరు మాత్రలు మానేసి కాకరకాయ రసం మీద పడినాడని చిన్ని చెప్పింది. రెండూ తీసుకోమను. మంగమ్మ పెద్దమ్మ కంటి ఆపరేషను ఎట్లా జరిగిందో రాయి.

ఇక్కడ నేను బాగున్నాను. తిండికి లోటు లేదు. రాగిపిండి దొరుకుతుంది, వారానికి రెండుసార్లు సంగటి చేసుకుంటా ఉన్నాను. చెనిక్కాయల ఊరిబిండి మిక్సీలో వేస్తే మెత్తగా పేస్టు మాదిరి అయిపోతుంది, రోటి రుచి ఎక్కడొస్తుంది. ఏప్రిల్ వచ్చినా చలి పోలేదు. రోడ్ల పక్కన పారతో తోసిన మంచు కరిగి, మన నల్లరంగు కుండ అడుగున మిగిలే మడ్డి మాదిరి ఉంది. నా బేస్‌మెంట్ గదికి కిటికీ ఉంది కానీ అందులోంచి మనుషుల బూట్లే కనపడతాయి. పైన విమానాలు. మొదట్లో ప్రతి విమానానికీ తల ఎత్తేదాన్ని. ఇప్పుడు లేదు.

పోయిన ఆదివారం వీడియో కాల్‌లో "ఏమే, మొహం అట్లా పీక్కుపోయింది" అన్నావు. చలికి అన్నాను. అది అబద్ధం. నీ మొహం చూస్తా చెప్పలేక కాగితం పట్టుకున్నాను. మా ఓనరు శేషగిరి అంకుల్ భార్య, ఆంటీ ఉంది కదా, ఆమె తమ్ముడు గురువారం తిరుపతికి బయల్దేరతా ఉన్నాడు, ఆయన చేతికిస్తాను. ఒక్కటే అడుగుతా ఉన్నాను. చివరిదాకా చదువు. మధ్యలో ఆపి ఫోన్ చేయొద్దు. భయపడాల్సింది ఏమీ లేదు, నాకు జబ్బేమీ లేదు. కోప్పడాల్సింది ఉంది.

నా పని సంగతి నీకు తెలిసిందే, అయినా కొంచెం వివరంగా చెప్తాను. శేషగిరి అంకుల్‌ది దుప్పట్లు, కర్టెన్లు, డోర్‌మ్యాట్లు అమ్మే కంపెనీ. ఎయిర్‌పోర్టు దగ్గర గోడౌను, దాని ముందర చిన్న ఆఫీసు. విజయవాడ ఆయన. ఇంజనీరుగా వచ్చి, ఇక్కడ ఎవరూ ఇంజనీరు పని ఇవ్వక, దుప్పట్ల మూటలు వ్యానులో వేసుకుని తిరిగి పైకొచ్చినాడు. నా కోర్సు అయిపోయి ఎనిమిది నెలలు ఎవరూ ఇంటర్వ్యూకి కూడా పిలవనప్పుడు, ఆయనే డిజైనరుగా తీసుకున్నారు. నా వర్క్ పర్మిట్ ఆయన కంపెనీ పేరు మీద ఉంది. వేరేచోట పని చేసేదానికి లేదు. పీఆర్‌కి, అంటే ఇక్కడే ఉండిపోయేదానికి, అప్లై చేయాలంటే నేను ఫలానా పని చేస్తా ఉన్నానని ఆయన లెటర్ రాసివ్వాల. ఆంటీ అయితే ప్రతి శుక్రవారం నాకు డబ్బాలో పులిహోర పంపిస్తుంది. ఇదంతా ఎందుకు చెప్తా ఉన్నానంటే, వాళ్ళు నాకు చెడ్డవాళ్ళు కారు. అది గుర్తుపెట్టుకుని చదువు.

ఫిబ్రవరిలో ఒకరోజు అంకుల్ నా బల్ల మీద ఒక కాగితం పెట్టినారు. ఏదో కేటలాగులోంచి చింపిన పేజీ. దేశమంతా కొట్లున్న ఒక పెద్ద కంపెనీ వాళ్ళు ఈసారి ఎడారి రంగుల్లో సెట్ కావాలన్నారంట. దుప్పటి, కర్టెను, బాత్రూము పరదా, కాళ్ళు తుడుచుకునే మ్యాట్.

"ఇట్టాంటిదే కావాలమ్మా," అన్నారు. "నువ్వైతేనే చెయ్యగలవు."

ఆ పేజీలో ఒక బొమ్మ ఉంది. ఆస్ట్రేలియా నడిమధ్య ఎడారిలో ఉండే ఆదివాసుల్లో ఒక పెద్దావిడ వేసిందంట. అడుగున ఎర్రమట్టి రంగు. దాని మీద ఆరు గుండ్రాలు, నీళ్ళలో రాయేస్తే ఒకదాని చుట్టూ ఒకటి లేస్తాయే, అట్లా. గుండ్రానికీ గుండ్రానికీ నడుమ వంకర్లు తిరిగే తెల్ల గీతలు. మిగతా జాగా అంతా చుక్కలే. పసుపు, తెలుపు, లేత గులాబి. ఎన్ని వేల చుక్కలో! దూరం నుంచి చూస్తే ఎండాకాలం మిట్టమధ్యాహ్నం నేల మీద గాలి ఆడినట్లు బొమ్మంతా కదుల్తుంది.

అక్కా, నేను రెండు వారాలు ఆ బొమ్మ ముందరే కూర్చున్నాను. స్క్రీను మీద పెద్దది చేసి చూస్తే, ఆ చుక్కలు ఒక్కమాదిరిగా లేవు. పుల్ల రంగులో ముంచి తీసినాక మొదటి చుక్క లావుగా, తడిగా ఉంటుంది. తర్వాతది కొంచెం చిన్నది. ఏడెనిమిది చుక్కలయ్యేసరికి సన్నబడిపోయి, మళ్ళా లావుది వస్తుంది. నీ కలంలో రంగు నిండుగా ఉన్నప్పుడు గీత లావుగా దిగి పోనుపోను సన్నబడుతుంది చూడు, అట్లా. ఆమె ఎక్కడ చెయ్యి ఆపిందో, ఎక్కడ మళ్ళా ముంచిందో నాకు తెలిసిపోయింది. తెలిసిందాన్ని తెలిసినట్టే దించినాను. అంత బాగా ఎవరూ దించలేరు. ఆ రెండు వారాలు నాకు గర్వంగా ఉండింది. సిగ్గుపడలేదు. అది నీకు దాచకుండా చెప్తా ఉన్నాను.

అయిపోయినాక అంకుల్ చూసి, "కొంచెం మార్చు. అంచు వేరే పెట్టు, గులాబీ కొద్దిగా తగ్గించు. గుండ్రాలు ఆరున్నాయిగా, ఏడు చెయ్యి. అప్పుడిది మనదే," అన్నారు.

ఏడు చేసినాను. కుడిపక్క కింద ఖాళీగా ఉన్నచోట ఒకటి పెట్టి, దానికి తెల్ల గీత కలిపినాను. అతుకు ఎక్కడా కనపడదు.

మార్చి చివర, ఆ ఎడారి వాళ్ళ బొమ్మలు టొరంటోలో ఒక చిన్న గ్యాలరీలో పెట్టినారని అంకుల్‌కి తెలిసింది. ఫోటోలో రంగులు నమ్మలేం, పోయి అసలు ఎరుపు ఎట్లుందో చూసి రమ్మన్నారు. శనివారం బస్సెక్కి, సబ్‌వే మారి పోయినాను. నా బొమ్మే, అంటే ఆ పెద్దావిడ బొమ్మే, ఎదురుగోడకు ఉంది. నేననుకున్నదానికన్నా పెద్దది, మన ఇంటి తలుపంత. దాని పక్కన కుర్చీలో, ఎవరిదో అరువుకోటు తొడుక్కుని ఒక ఆడమనిషి కూర్చోని ఉంది. యాభై ఏళ్ళుంటాయి. నల్లని మొహం, తెల్లబడిన ముంగురులు, మన కూలిపనులకొచ్చే రాజమ్మత్త మాదిరే ఉంది. చలికి చేతులు చంకల్లో పెట్టుకుని ఉంది. పేరు గ్లెండా. ఆ బొమ్మ వేసిన పెద్దావిడ కూతురు. వాళ్ళమ్మకు మోకాళ్ళు పనిచేయక, అంతదూరం విమానంలో రాలేక ఈమెను పంపించిందంట.

నేను బొమ్మకు ముక్కు ఆనించినంత దగ్గరగా చూస్తా ఉంటే, "నీ కంట్రీ ఏది?" అనడిగింది.

"ఇండియా," అన్నాను.

"అది పాస్‌పోర్టు. నీ నేల ఏది? నీ నీళ్ళు ఎక్కడివి?"

కంట్రీ అంటే వాళ్ళకు మనమనుకునే దేశం కాదక్కా. పుట్టిన నేల, ఆ నేలలో నీళ్ళు, దాని మీద నడిచిన తాతముత్తాతలు, వాళ్ళ కథలు, అన్నీ కలిపి ఒకే మాట. ఇక్కడికొచ్చినాక నన్ను అట్లా ఎవరూ అడగలేదు. నాకు తెలీకుండానే మన స్వర్ణముఖి గురించి చెప్పేసినాను. ఏరంటే ఏరు కాదు, ఏడాదిలో తొమ్మిది నెలలు ఇసకే అన్నాను. వాన పైన కొండల్లో పడితే నీళ్ళు వస్తాయి, లేకపోతే లేదు. మా చిన్నప్పుడు నేనూ మా అక్కా టెంకాయ చిప్పతో ఇసకలో చెలమ తవ్వేవాళ్ళం. మొదట బురద ఊరుతుంది. తోడి పారబోస్తే, మళ్ళా ఊరేది తేటగా ఉంటుంది అన్నాను.

ఆమె కుర్చీలోంచి లేచి నా రెండు చేతులూ పట్టుకుంది. ఐసు మాదిరి ఉన్నాయి ఆ చేతులు.

"ఇవి అవే," అంది, గోడ మీది గుండ్రాల్ని చూపించి. "ఒక్కొక్కటి ఒక్కొక్క చోటు. ఇసకలో తవ్వితే నీళ్ళొచ్చే చోట్లు. ఇది మా అమ్మవాళ్ళ నాయన నేల. వేసంకాలంలో రోజుల తరబడి మబ్బు పట్టి, ఉరిమి, వాన దిగుతుంది చూడు, అప్పుడు నీళ్ళు ఇట్లా ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి నడుస్తాయి." తెల్ల గీతల మీద, తగలకుండా వేలు నడిపించింది. "ఈ చుక్కలన్నీ తర్వాత పూసే పూలు. మా దగ్గర వాన సరిగ్గా పడి చాలా ఏళ్ళయింది. అమ్మ రేకుల షెడ్డులో కూర్చోని పాడుకుంటా వేసింది. బొమ్మ అమ్ముతుంది, పాట మాత్రం అమ్మదు."

"పాటలో ఏముంది?" అనడిగినాను.

"అది చెప్పే హక్కు నాకు లేదు," అంది, నవ్వతానే.

ఊరికే మాట కలపాలని, "ఆరున్నాయి కదా?" అన్నాను.

"ఆరు," అంది. "ఐదు కాదు, ఏడు కాదు. మా అమ్మమ్మ వీటిని నమ్ముకునే పిల్లల్ని చంకనేసుకుని నడిచింది. లేనిచోట నీళ్ళున్నాయని ఎవరైనా చెప్పి ఉంటే నేను పుట్టేదాన్నే కాదు."

అక్కా, నా ఫోన్లో ఆ ఏడోది ఉంది. అంకుల్‌కి పంపిన ఫైలు.

"నువ్వేం పని చేస్తావు ఇక్కడ?" అనింది గ్లెండా.

"దుప్పట్లు," అన్నాను. "దుప్పట్ల మీద బొమ్మలు వేస్తాను."

"చూపించు!" అని చిన్నపిల్ల మాదిరి దగ్గరికి జరిగింది.

ఫోను చార్జింగు అయిపోయింది అన్నాను. అది నా చేతిలోనే వెలుగుతా ఉంది. చూసిందో లేదో తెలీదు. ఒక కాగితం మీద తన నంబరు రాసిచ్చి, "చార్జింగు పెట్టుకున్నాక పంపించు," అంది.

సోమవారం పొద్దున్నే అంకుల్ గదిలోకి పోయి అంతా చెప్పినాను. ఆయన శ్రద్ధగానే విన్నారు. విని, "చుక్కలకి హక్కులేంటమ్మా?" అన్నారు. "రేపు ముగ్గులకి కూడా పర్మిషన్ అడుగుతావా?"

"చుక్కలు కాదంకుల్. అది వాళ్ళ తాత నేల. నీళ్ళు ఎక్కడున్నాయో చెప్పే బొమ్మ. దాన్ని డోర్‌మ్యాట్ చేసి బూట్లతో తొక్కిస్తా ఉన్నాం."

తొక్కడం అనే మాటకు ఆయన మొహం కొంచెం మారింది. ఎంతైనా మన మనిషే, కాలికి పుస్తకం తగిలితే కళ్ళకద్దుకునే మనిషి. కుర్చీలో వెనక్కి వాలినారు.

"ఈ ఆర్డర్ పోతే గోడౌన్లో నలుగుర్ని తీసెయ్యాలి," అన్నారు. "నువ్వే చెప్పు ఎవర్ని తీసెయ్యాలో. శుక్రవారం వాళ్ళ బయ్యర్‌తో మీటింగ్. ముందు ఆర్డర్ రానీ, తర్వాత ఆ పెద్దావిడకి రాసి పర్మిషన్ అడుగుదాం."

"ముందే అడగచ్చు కదా?"

"నెలలు పడుతుందమ్మా. అన్నట్టు, నీ పీఆర్ లెటర్ కూడా వచ్చే వారం రాద్దామనుకుంటున్నా. గుర్తుచెయ్యి."

బెదిరించినట్లు అనలేదక్కా. మామూలుగానే అన్నారు. అందుకే నాకు ఎక్కువ భయమేసింది. సరే అంకుల్ అన్నాను. నేను సరే అన్నాను, ఇదీ రాస్తా ఉన్నాను. ఆ నాలుగు రోజులూ గోడౌన్లో వాళ్ళు నన్ను చూసి నవ్వితే, వీళ్ళలో ఆ నలుగురూ ఎవరా అని చూసేదాన్ని.

శుక్రవారం పొద్దున అంకుల్ కార్లో డౌన్‌టౌన్ పోయినాం. పెద్ద అద్దాల గది. బయ్యరు ఒక ఆవిడ, ఇంకా ఇద్దరు. మా శాంపిల్సు పరిచినాం. దుప్పటి బల్ల మీద, పరదా గోడకు, మ్యాట్ నేల మీద. ఆవిడ లోపలికొస్తానే మ్యాట్ మీద నిలబడింది. బయట మంచులో నడిచొచ్చిన బూట్లు. మడమ సరిగ్గా ఒక గుండ్రం మీద ఉంది.

"మా డిజైనర్ రత్న," అని పరిచయం చేసినారు అంకుల్. "తరతరాలుగా చేత్తో బట్టల మీద బొమ్మలేసే కుటుంబం. ఇది వాళ్ళ ఊరి నది కథ. ఎండిపోయిన నదికి నీళ్ళొచ్చే కథ."

నేను సోమవారం ఆయనకు చెప్పిన మాటలే అవి. స్వర్ణముఖి గురించీ, చెలమల గురించీ. వాటిని దీనికి అతికించినారు. అతుకు ఎక్కడా కనపడలేదు.

ఆవిడకు చాలా నచ్చింది. నావైపు తిరిగి, "ఎంత అందంగా ఉంది! ఈ ఏడు గుండ్రాలకీ అర్థం ఏమిటి? నీ నోటితో వినాలని ఉంది," అంది.

అందరూ నన్నే చూస్తా ఉన్నారు. అంకుల్ చిన్నగా తల ఊపినారు, చెప్పమ్మా అన్నట్లు. ఒక్క మాట చాలు. మా ఊరి చెలమలు అంటే చాలు. ఆర్డరు, గోడౌన్లో నలుగురు, నా లెటరు, అన్నీ ఆ ఒక్క మాట అవతలే ఉన్నాయి. నోరు తెరిచినాను.

"ఆరే," అన్నాను. "ఏడోది నేను పెట్టింది. అక్కడ నీళ్ళు లేవు."

ఆవిడకు అర్థం కాలేదు. నేను ఇంక ఆపలేదు. ఇది నాది కాదు, ఆస్ట్రేలియా ఎడారిలో ఒక పెద్దావిడది, వాళ్ళ నాయన నేల, నేను ఫోటో చూసి దించినాను, ఆమెను అడగలేదు. ఇంగ్లీషు ఎట్లా వచ్చిందో నాకే తెలీదు. చివరికి, "మీరు కొంచెం పక్కకు జరుగుతారా," అని కూడా అన్నాను. ఆవిడ కిందికి చూసి గబుక్కున మ్యాట్ దిగింది.

తర్వాత ఆవిడ మర్యాదగానే, ఇట్లాంటిది తీసుకుంటే తమకు చాలా ఇబ్బంది అవుతుందనీ, ముందే తెలిసినందుకు మంచిదైందనీ చెప్పింది. మీటింగు పది నిమిషాల్లో అయిపోయింది. నేనే వంగి మ్యాట్ చుట్టినాను. అంకుల్ నా దిక్కు చూడలేదు.

కార్లో వైపర్లు ఆడతా ఉన్నాయి. సన్నగా వాన, అందులో మంచు తునకలు. హైవే ఎక్కినాం. ఇప్పుడు దిగిపొమ్మంటారు, ఇప్పుడు అరుస్తారు అని కాచుకుని కూర్చున్నాను. ఆయన అరవలేదు. రోడ్డు మీదనుంచి కళ్ళు తిప్పకుండా అడిగినారు.

"మరి చేపల దుప్పటి? అదైనా నీదేనా?"

అక్కా, ఇంతసేపూ ఈ మాట దగ్గరికి రావాలనే రాస్తా ఉన్నాను, రాకుండా ఉండాలని కూడా.

ఏరు నిండుగా పారిన ఏడాది నువ్వు గట్టు మీద కూర్చోని గీసిన చేపల అంచు ఉంది కదా. ఎదురీదే చేపలు, ఒకదాని తోక మరొకదాని నోటి దగ్గర. నాయన చూసి, ఇది నేను నేర్పింది కాదే, నీకెట్లా వచ్చిందని అడిగినాడే, అదే. ఆ గుడ్డను నేను కెనడాకు వచ్చేటప్పుడు పెట్టెలో పెట్టుకున్నాను, ఇంటి గుర్తుగా ఉంటుందని నీతో చెప్పి. ఎనిమిది నెలలు ఉద్యోగం దొరకనప్పుడు దాన్ని ఫోటో తీసి నా పోర్ట్‌ఫోలియోలో పెట్టినాను. అంకుల్ ఇంటర్వ్యూలో అన్నిటినీ తిప్పేసి దాని దగ్గర ఆగినారు. "ఇది నువ్వే గీశావా?" అన్నారు. తల ఊపినాను. ఆ ఊపుకే ఉద్యోగం వచ్చింది. తర్వాత అది దుప్పటి మీద వేసినారు. రెండేళ్ళుగా అమ్ముడుపోతా ఉంది. దాని ప్యాకెట్టు వెనక నా ఫోటో, నా పేరు. నీకు ఎన్నో దుప్పట్ల ఫోటోలు పంపించినాను, ఇది మాత్రం పంపలేదు. చిన్ని ఒకసారి ఇంటర్నెట్‌లో మా కంపెనీ చూస్తానంటే, ఇండియాలో ఓపెన్ కాదని చెప్పినాను.

"కాదంకుల్," అన్నాను. "అది మా అక్కది."

"ఆవిడకి తెలుసా?"

"తెలీదు."

ఆయన కారు పక్కకు తీసి, ఎగ్జిట్ దిగి, ఒక కాఫీ షాపు ముందర ఆపినారు. ఇంజను ఆపలేదు. స్టీరింగు పట్టుకునే ఉన్నారు.

"పొద్దున నన్ను అంతమందిలో దొంగని చేశావు," అన్నారు. "చెయ్యి, తప్పులేదు, చేసింది తప్పే. కానీ ఎక్కడో ఎడారిలో ఉన్న పెద్దావిడ కోసం అంత ధైర్యం వచ్చిందే, సొంత అక్క కోసం రెండేళ్ళు నోరు రాలేదా? ఇంక నీకూ నాకూ తేడా ఏముందమ్మా?"

ఏడుపొచ్చింది, ఏడవలేదు. అది ఏడిచి కడుక్కునేది కాదు.

సోమవారం పోతే నా బల్ల మీద కంప్యూటరు లేదు. నన్ను గోడౌన్లో ప్యాకింగు దగ్గర పెట్టినారు. గోడౌన్లో ఎవర్నీ ఇంకా తీసేయలేదు, మే నెల దాకా చూస్తానన్నారంట. మీటింగు సంగతి అందరికీ తెలుసు. ఒకరిద్దరు నాతో మాట్లాడడం మానేసినారు. వాళ్ళను నేనేమీ అనలేను. పోయిన శుక్రవారం ఆంటీ పులిహోర పంపించలేదు. నిన్న మాత్రం ఫోన్ చేసి, తమ్ముడు ఊరికి పోతున్నాడు, ఇంటికి ఏమైనా పంపిస్తావా అంది. అందుకే ఈ జాబు.

గ్లెండాకు కూడా రాసినాను. ఫైలు పంపించి, నేను చేసింది ఇది, చార్జింగు అయిపోలేదు, అబద్ధం చెప్పినాను అని. రెండు రోజులకు జవాబొచ్చింది. అమ్మకు చూపించినాను, అన్నిటికన్నా ముందు ఆ ఏడోదాన్ని తీసేయమంది అని రాసింది. మిగతాది ఆ తర్వాత తీసేయమందంట. అంతే. కోపంగా ఉందో, మన్నించిందో రాయలేదు. నేను అడగలేదు. అంకుల్‌ను అడిగి కంప్యూటరు ముందర కూర్చోని, ఆయన చూస్తా ఉండగానే మొదట ఏడోది చెరిపినాను. తర్వాత తక్కినవి. మ్యాటూ పరదా దుప్పటీ కత్తిరించి బస్తాలో వేసినాం. ఆయన కూడా ఒక కత్తెర పట్టుకున్నారు.

చేపల దుప్పటి తర్వాతి బ్యాచ్ జూన్‌లో ప్రింటుకు పోవాల. అంకుల్ ఆపినారు. "మీ అక్కకి రాయి. ఆవిడ ఏమంటే అది," అన్నారు. నువ్వు ఒప్పుకుంటే ప్యాకెట్టు మీద నీ పేరు వేసి, నీతోనే అగ్రిమెంట్ రాసుకుంటారంట. వద్దంటే ఇంక ఎప్పుడూ వేయరు, ఉన్న స్టాకు కూడా తెప్పించేస్తారు. నా పీఆర్ లెటర్ గురించి నేను అడగలేదు. ఆయనే అన్నారు, "రాయనని అనడం లేదు. డిజైనర్ అని రాయాలా, ప్యాకింగ్ అని రాయాలా? మీ అక్క జవాబు చూసి రాస్తాను."

ఈ ముక్క నీకు రాయాలా వద్దా అని రెండు కాగితాలు చింపినాను. రాస్తే నీ మీద బరువు పెట్టినట్లు. రాయకపోతే ఇంకోటి దాచినట్లు. రాసినాను. కానీ దీన్ని చూసి అవునని మాత్రం అనొద్దు. నీ చేపలు నీకు అమ్మాలని లేకపోతే లేదు. నువ్వు వాటిని ఎవరికోసం గీసినావో నేను ఎప్పుడూ అడగలేదు. ఏరు పారిన ఆ ఏడాది నీకు ఏం జరిగిందో నాకు తెలుసు, అది ఇక్కడ రాయను, ఏరు చూస్తా ఎందుకు కూర్చునేదానివో తెలుసు. తెలిసే పెట్టెలో పెట్టుకున్నాను. ఆ పెద్దావిడ పాట అడిగితే గ్లెండా నవ్వతానే, చెప్పే హక్కు నాకు లేదంది చూడు, అంత సులభమైన మాట నాకు ఆ ఇంటర్వ్యూలో రాలేదు.

గుడ్డ నా దగ్గరే భద్రంగా ఉంది. ఆంటీ తమ్ముడితోనే పంపిద్దామనుకున్నాను, కానీ పెట్టెలో ఎక్కడ నలుగుతుందో అని ధైర్యం చాల్లేదు. నేనే తీసుకొస్తాను, లెటరు వచ్చినా రాకపోయినా. ఆయన తిరిగొచ్చేటప్పుడు నువ్వు ఏమీ పంపించొద్దు, చెనిక్కాయల పొడి కూడా వద్దు. జవాబు ఒక్కటే పంపించు. ఫోన్లో చెప్పినా సరే, తిట్టినా సరే. బావకు చెప్పాలో వద్దో నీ ఇష్టం. చెప్తే, రత్న ఆరోగ్యంగా ఉందని మొదట చెప్పి తర్వాత ఇది చెప్పు.

చిన్ని ఈమధ్య నీ పక్కన కూర్చోని గీస్తా ఉందన్నావు. దాని బొమ్మల వెనక దాని పేరు ఇప్పటినుంచే రాయించు. ఎవరికైనా ఇచ్చేటప్పుడు, పేరు ఉందో లేదో చూసి ఇయ్యి. నాకిచ్చినా సరే.

బావకు నమస్కారాలు. మంగమ్మ పెద్దమ్మకు నా దండాలు చెప్పు. చిన్నికి ముద్దులు. నీ కాళ్ళకు మొక్కుతా ఉన్నాను అక్కా. దీవించాలనిపిస్తే దీవించు, లేకపోతే దీవెన పక్కన పెట్టుకో, నాకు తగినప్పుడు ఇద్దువు.

నీ చెల్లెలు,
రత్న